తాటిచెట్టెక్కే మనిషి బొమ్మ, 75 ఎంఎం ఎత్తు: ఒంటి రంగు బూడిదగా వస్తోంది, ఏం చేయాలి?

తాటిచెట్టు_కింద
నకిరేకల్ దిక్కు మాది. తాడెక్కడానికి సిద్ధంగా నిలబడ్డ గీత కార్మికుడి బొమ్మ, తెలిసినతను కంప్యూటర్లో మలిచి ఇస్తే రెజిన్‌లో 3డి ప్రింట్ తీయించాను. నడుముకు ముస్తాదు (నడుం పట్టీ), భుజం మీద మోకు (చెట్టెక్కే పగ్గం), చేతిలో లొట్టి (కల్లు కుండ), మోకాళ్ల పైకి ఎగ్గట్టిన ధోతి, తలకు తువ్వాల. చొక్కా లేదు కాబట్టి బొమ్మలో సగం ఒళ్లే. ఆ ఒళ్లే ఇప్పుడు నా తలనొప్పి.

నల్ల ప్రైమర్ కొట్టి బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) బేస్ వేశాను. దాంట్లోనే కొంచెం కొంచెం తెలుపు కలుపుతూ వెలుతురు పడే చోట్ల డ్రై బ్రష్ (బ్రష్ మీది రంగు దాదాపు తుడిచేసి పైపైన రాయడం) చేసుకుంటూ వచ్చాను. నేను చూసిన వీడియోల్లో చాలావరకు ఇదే పద్ధతి. వాళ్లు వేసే తెల్లతోలు సైనికులకు చక్కగా వస్తుంది, నా గౌడన్నకు మాత్రం ఛాతీ, భుజాలు, వీపు అంతా బూడిద రాసినట్టుంది. మాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టాక ఇంకా పాడైంది. మొత్తం కడిగేసి మొదటి నుంచి మొదలుపెట్టాలా, దీని మీదే సరిచేయొచ్చా? ఫోటోలు రెండు పెట్టాను, ముందు నుంచి ఒకటి, వీపు ఒకటి.

చిన్న_బ్రష్_పెద్ద_ఆశ
బొమ్మ మాత్రం అదిరింది అన్నా. మోకు మెలికలు కూడా కనిపిస్తున్నాయి. నాకైతే బూడిద కూడా బాగానే ఉంది, శివరాత్రికి పనికొస్తుంది.

వనపర్తి_వార్‌గేమర్
వాష్ వేసెయ్, అంటే నీళ్లలాంటి పల్చటి రంగు. బ్రౌన్ వాష్ ఒక్కటి ఒళ్లంతా పారించు, సగం సమస్య పోతుంది. నా 28 ఎంఎం సైన్యం మొత్తానికి అదే చేస్తా.

గద్వాల్_అంచు
28 ఎంఎంకి నడిచేది 75 ఎంఎంకి నడవదు వనపర్తి. 28లో వీపు అంటే గోరంత కూడా ఉండదు, వాష్ పోస్తే గుంటల్లోకి దిగిపోయి అదే షేడ్ అయిపోతుంది. 75 అంటే 1/24 స్కేల్, ఆరడుగుల మనిషి లెక్క. అక్కడ వీపు నున్నటి మైదానం. వాష్ ఆ మైదానం మీద ఎక్కడ ఆగితే అక్కడ మరకలా ఎండుతుంది. వేయాలంటే కండరాల మధ్య గీతల్లో మాత్రమే, సన్న బ్రష్‌తో, పెట్టినచోటే పెట్టాలి.

తాటిచెట్టు, నీ బొమ్మకు డ్రై బ్రష్ అసలు సరిపడదు. అది గరుకు పనులకు. తాడు, తాటి మాను, రాయి, మట్టి, అక్కడ బ్రహ్మాండం. తోలు మీద చేస్తే పొడిపొడిగా రేణువులు నిలబడి దుమ్ము కొట్టుకుపోయినట్టే ఉంటుంది, ఏ రంగు వాడినా సరే.

పాలమూరు_గోడరాత
నేను గోడల మీద, బోర్డుల మీద బొమ్మలు రాసి బతికినవాడిని. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గిపోయి ఈ చిన్న బొమ్మల్లో పడ్డాను. రంగు సంగతి మాత్రం గోడకైనా బొమ్మకైనా ఒకటే, అందుకని కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపికుంటే చదువు.

టైటానియం తెలుపు రంగుని తేలిక చేస్తుంది అనుకుంటారు, నిజమే, కానీ దాంతో పాటు రంగులో ఉన్న వేడిని, అంటే ఎరుపు, పసుపు ఛాయని కూడా తినేస్తుంది. గోధుమ రంగులో తెలుపు కలిపితే వచ్చేది వెలుగు పడ్డ గోధుమ కాదు, పాలిపోయిన గోధుమ. తెల్లతోలు బొమ్మలో బేస్ లోనే బోలెడు తెలుపు ఉంటుంది కాబట్టి ఇంకొంచెం కలిపినా తేడా తెలియదు. మన ఒంటి రంగులో మొదలే తెలుపు లేదు, చుక్క వేసినా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

నేనైతే ఇట్లా వెళ్తా. బేస్ బర్న్ట్ అంబర్‌లో కొంచెం బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ). మొదటి మెట్టు సియెన్నా పెంచడం, అంటే ఎరుపు వైపు. రెండో మెట్టు సియెన్నాలో యెల్లో ఓకర్ (మట్టి పసుపు). మూడోది ఓకర్ ఎక్కువ, దాంట్లో చిటికెడు నారింజ. అంతే, చాలామటుకు అక్కడే ఆగిపోవచ్చు. నీడకు నలుపు సీసా ముట్టుకోకు. అంబర్‌లో అల్ట్రామెరీన్ నీలం కలిపితే నలుపుకు దగ్గరగా, కానీ ప్రాణమున్న చీకటి వస్తుంది. చంకలు, పక్కటెముకల కింద, ధోతి మడత పడ్డచోట అది పెట్టు.

నిజంగా చూడాలనుంటే పొద్దుగాల ఏడింటికి తాటివనంలోకి పోయి మనుషులను చూడు. ఎండ పడిన భుజం ఎర్రగా, పచ్చగా ఉంటుందా, తెల్లగా ఉంటుందా? మీ దిక్కు తాళ్లకు కొదవేమీ లేదు కదా.

మిర్యాలగూడ_మాట్
తెలుపు అసలే వద్దు అనేది అతి. నల్లటి ఒంటి మీద మెరుపు ఎక్కడి నుంచి వస్తుంది మరి? చెమట పట్టిన భుజం మీద ఆకాశం కనిపిస్తుంది. అక్కడ నీలం కలిసిన తెలుపు చుక్క లేకపోతే బొమ్మ మట్టిముద్దలా ఉంటుంది. తెల్లతోలు మీద నీడల్లో తేడా ఎక్కువ కనిపిస్తుంది, నల్లతోలు మీద మెరుపుల్లో తేడా ఎక్కువ కనిపిస్తుంది. సగం మంది పెయింటర్లకు ఇది అర్థం కాదు.

పాలమూరు_గోడరాత
మెరుపుకి వద్దనలేదు మిర్యాలగూడ. మెరుపు వేరు, వెలుగు వేరు. వెలుగు అనేది భుజం మొత్తం మీద పరుచుకుంటుంది, అది ఓకర్‌తో. మెరుపు అనేది ముక్కు దూలం, భుజం గుండు, మోచిప్ప, నుదురు, వీటి మీద సూది మొనంత. ఆ సూది మొనకు నీ నీలం తెలుపు పెట్టుకో, కాదనేదెవరు. అతను భుజం మొత్తం తెలుపుతో తుడిచాడు, అదీ గొడవ.

మిర్యాలగూడ_మాట్
అయితే సరే, ఇద్దరం ఒకటే చెప్తున్నట్టున్నాం.

చిన్న_బ్రష్_పెద్ద_ఆశ
ఈ వేదికలో ఇద్దరు ఒప్పుకోవడం నేను చూడటం ఇదే మొదలు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

కెమెరా_కన్ను
ఒక మాట. ఆ ఫోటోలు నల్ల గుడ్డ ముందు తీసినట్టున్నావు, పైన తెల్ల ట్యూబ్‌లైట్. ఫోన్ ఏం చేస్తుందంటే, ఫ్రేమ్ అంతా చీకటిగా ఉందనుకుని వెలుతురు తనే పెంచేస్తుంది. నల్ల బొమ్మ నల్ల గుడ్డ ముందు ఉంటే ఇంకా ఎక్కువ పెంచుతుంది. ఆ పెంపులో గోధుమ రంగు కాస్తా బూడిదవుతుంది. సగం బూడిద నీ బ్రష్‌ది, సగం నీ ఫోన్‌ది కావచ్చు. మధ్యస్థంగా ఉండే బూడిద రంగు కాగితం వెనకాల పెట్టి, కిటికీ పక్కన, నేరుగా ఎండ పడకుండా తియ్. స్క్రీన్ మీద బొమ్మ మొహాన్ని నొక్కి పట్టుకుని వెలుతురు కొంచెం కిందికి లాగు. అప్పుడు మళ్లీ పెట్టు, చూద్దాం.

తాటిచెట్టు_కింద
కిటికీ దగ్గర తీసి పెట్టాను, చూడండి. కొంచెం నయం కానీ బూడిద ఉంది. వీపు మీద ఎక్కువ.

కెమెరా_కన్ను
అవును, ఇప్పుడు నిజం రంగు కనిపిస్తోంది. ఇందాకటంత ఘోరం కాదు. మిగిలింది పెయింటర్లకు వదిలేస్తున్నా.

గద్వాల్_అంచు
మాట్ వార్నిష్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట్ అంటే పైన గరుకు పొర, వెలుతురుని నలువైపులా చిమ్ముతుంది. ముదురు రంగుల మీద అలా చిమ్మినప్పుడు పైన సన్న తెర వేసినట్టు రంగు తేలిపోతుంది. నలుపు, ముదురు నీలం, ముదురు గోధుమ, ఈ మూడింటి మీద ఎక్కువ తెలుస్తుంది. బొమ్మని కొంచెం నీళ్లతో తడిపి చూడు. తడిగా ఉన్నప్పుడు రంగు లోతుగా, సరిగ్గా కనిపిస్తే దోషం చాలావరకు వార్నిష్‌ది. ఒంటికి సాటిన్ (కొద్దిపాటి మెరుపుండే వార్నిష్) కొట్టు, గుడ్డకి, మట్టికి మాట్ ఉంచు. చెమట పట్టిన మనిషికి అదే న్యాయం కూడా.

తాటిచెట్టు_కింద
అక్కా తడిపి చూశా. నిజంగా రంగు తిరిగి వచ్చింది! ఆరగానే మళ్లీ పోయింది. వార్నిష్ ఒక ముద్దాయి ఖాయం. భుజాల మీద మాత్రం తడిపినా తెల్లదనం ఉంది, అది పాలమూరు అన్న చెప్పిన టైటానియమే.

రెజిన్_రాకెట్
సూర్యాపేట నుంచి. కడిగేద్దాం అనే ఆలోచన మానుకో. రెజిన్ బొమ్మని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పెడితే రంగు ఊడుతుంది, నిజమే, కానీ ఎక్కువసేపు వదిలేస్తే రెజిన్ మెత్తబడుతుంది, వేళ్లు, మోకు లాంటి సన్నటివి ముందు పోతాయి. ఇంట్లో కొందరు డెటాల్ కలపకుండా అలాగే వాడతారు, అది కూడా పనిచేస్తుంది కానీ నీళ్లు తగిలాయా, రంగు మొత్తం జిగురు జిగురుగా బంకలా తయారై పళ్ల బ్రష్‌కి అంటుకుంటుంది. ఇంత చిన్న దోషానికి అంత పని వద్దు.

ఇంకోటి, ఫోటోలో మోచేతి కింద, తొడ వెనక చిన్న చిన్న గుంటలు, మొటిమల్లాంటివి కనిపిస్తున్నాయి. అవి ప్రింట్ సపోర్టులు, అంటే ప్రింట్ అయ్యేటప్పుడు బొమ్మని పట్టి ఉంచే పుల్లలు, విరిచినచోట్లు. ప్రైమర్‌కి ముందే చూసుకోవాల్సినవి. వచ్చే బొమ్మకు సన్న సాండ్‌పేపర్‌తో నీళ్లలో తడిపి రుద్దు, తడిగా రుద్దితే దుమ్ము లేవదు. రెజిన్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ పెట్టుకో. గుంటలకు ఎం-సీల్ చాలు, తడివేలితో అద్దితే అంచు కనిపించదు.

వనపర్తి_వార్‌గేమర్
ఎం-సీల్ అంటే కుళాయిలకు పెట్టేదా?

రెజిన్_రాకెట్
అదే. రెండు ముక్కలు సమంగా కలిపి పిసికే పుట్టీ. విదేశాల్లో బొమ్మలకని వేరే డబ్బాల్లో అమ్మే ఎపాక్సీ పుట్టీలు ఉన్నాయి, అవి ఇంకా సన్నగా లాగొచ్చు, వేళ్లు, కనురెప్పలు చేసుకోవడానికి బాగుంటాయి. గుంట పూడ్చడానికి మాత్రం కుళాయి సరుకే సరిపోతుంది.

గద్వాల్_అంచు
సరిచేసే పద్ధతి చెప్తా, గ్లేజింగ్. సియెన్నా, అంబర్ కలిపి బాగా పల్చన చేయి, ఎంత పల్చగా అంటే తెల్ల కాగితం మీద గీస్తే కింద అక్షరాలు చదవగలగాలి. బ్రష్ ముంచాక తప్పనిసరిగా టిష్యూ మీద తుడువు, లేకపోతే చెరువు కడుతుంది. ఒక్కో పొర పూర్తిగా ఆరాక ఇంకోటి. మొదటి రెండు పొరలకు ఏమీ జరగనట్టే ఉంటుంది, కంగారుపడి రంగు చిక్కగా చేయకు.

ఇంకో కిటుకు. బ్రష్ ఎటు వైపు లాగి ఎత్తుతావో రంగు అటువైపు ఎక్కువ చేరుతుంది. కాబట్టి భుజం మీది నుంచి మొదలుపెట్టి నీడ వైపు లాగి అక్కడ ఎత్తు. అప్పుడు తెలుపు మీద ఎరుపు తెర పడుతుంది, నీడ దగ్గర ముదురవుతుంది, మధ్యలో రంగుల కలయిక దానంతటదే వస్తుంది.

అన్నట్టు మాట్ వార్నిష్ మీదే గ్లేజ్ వేయొచ్చు. గరుకు పొర కాబట్టి రంగు బాగా పట్టుకుంటుంది. అది పాడు చేసినచోటే ఉపయోగపడుతుందన్నమాట.

చిన్న_బ్రష్_పెద్ద_ఆశ
నాకు పల్చన చేస్తే చాలు, ఎండిన తరువాత తెల్లటి గీతలు వస్తున్నాయి అంచుల్లో. రంగు దోషమా? మా ఇంట్లో బోరు నీళ్లు.

మిర్యాలగూడ_మాట్
నల్లగొండ నీళ్లతో పెయింట్ వేస్తే బొమ్మకి ఫ్లోరోసిస్ వస్తుంది తమ్మీ.

మునుగోడు_మోకు
ఆ జోకు ఫ్లోరోసిస్ బాధితులున్న మా మర్రిగూడ దిక్కు వచ్చి వెయ్యి, ఎవరు నవ్వుతారో చూద్దాం.

మిర్యాలగూడ_మాట్
తీసేస్తున్నా అన్నా, వదిలెయ్.

రెజిన్_రాకెట్
చిన్న బ్రష్, బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. పల్చటి వాష్ ఎండినప్పుడు ఆ ఉప్పు అంచుకి చేరి తెల్లగా మిగులుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ మెకానిక్ షాపులో దొరుకుతుంది, ఒక డబ్బా ఏళ్ల తరబడి వస్తుంది. ఇంట్లో ఫిల్టర్ నీళ్లున్నా నడుస్తుంది. గిన్నెలో బ్రష్ కడుక్కోవడానికి బోరు నీళ్లే వాడుకో, రంగులో కలిపేది మాత్రం వేరే.

మునుగోడు_మోకు
నేను బొమ్మలు వేయను, మా తమ్ముడు వేస్తాడు, వాడి ఫోన్‌లో ఈ చర్చ చూసి ఖాతా తెరిచాను. మా నాయన తాళ్లు గీసినవాడు, నేను కూడా కొన్నాళ్లు ఎక్కాను. బొమ్మ మంచిగుంది, నిలబడ్డ తీరు సరిగ్గా ఉంది. కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

లొట్టి లోపల తెల్లగా సున్నం పూసినట్టు వేశావు. సున్నం పూసేది నీరాకి, పులవకుండా. కల్లు లొట్టికి సున్నం ఎవరు పూస్తారు? లోపల మబ్బు రంగు, మూతి చుట్టూ కల్లు నురగ ఎండి అంటుకున్న మరక, అంతే. బయట కూడా కొత్త కుండలా ఎర్రగా ఉంచకు, రోజూ వాడే లొట్టి మసకబారి ఉంటుంది, చేయి పట్టే మెడ దగ్గర నున్నగా మెరుస్తుంది.

కత్తి మొత్తం వెండిలా మెరుస్తోంది. గీత కత్తి రోజూ నూరుతారు, అంచు ఒక్కటే మెరుస్తుంది, మిగతాదంతా నల్లబడి ఉంటుంది. పిడి చెమట తాగి ముదురుగా ఉంటుంది.

మోకు అంతా ఒకే రంగు ఉండదు. మానుకు ఒరుసుకునే భాగం వేరే, చేతులు పట్టుకునేది వేరే. పట్టుకునే చోట నల్లగా నున్నగా అయిపోతుంది.

ఇక ఆ బూడిద సంగతి. మీరంతా పూర్తిగా తీసేయమంటున్నారు. కానీ తాడెక్కేవాడి పాదాలు, చీలమండలు, మోకాళ్లు, మోచేతులు చూశారా? కాళ్లకు గుజి (బంధం) వేసుకునే చోట తోలు కట్టె కట్టిపోయి ఉంటుంది. పాదాలు పగిలి, దుమ్ము పట్టి, నిజంగానే బూడిద రంగులో ఉంటాయి. ఛాతీ మీద, చేతుల లోపలివైపు మాను ఒరిసిన గుర్తులుంటాయి. అక్కడ బూడిద ఉంచండి. వీపు మీద మాత్రం వద్దు, వీపు నూనె రాసినట్టు ఉంటుంది మధ్యాహ్నానికి.

పాలమూరు_గోడరాత
మోకన్నా, ఈ చర్చ మొత్తంలో పనికొచ్చే మాట నీదే. తాటిచెట్టు, విన్నావు కదా, మోకాళ్ల కింద నువ్వు చేసిన డ్రై బ్రష్ అలాగే వదిలెయ్. అరచేతులు, అరికాళ్లు కూడా ఒంటికంటే తేటగా ఉండాలి, గులాబీ కలిసిన ఓకర్. లొట్టి పట్టిన చేయి వేళ్ల సందుల్లో అది కనిపిస్తే బొమ్మ ఒక్కసారి మనిషి అవుతుంది.

తాటిచెట్టు_కింద
మునుగోడు అన్నా, మస్తు థాంక్స్. లొట్టి సున్నం ఇవ్వాళే మార్చేస్తా. ఒక అనుమానం, ఇప్పుడు ప్రభుత్వం ఇస్తున్న రక్షణ కిట్ వేసుకున్నట్టు చేయాలా అని మా ఇంట్లో అడుగుతున్నారు.

మునుగోడు_మోకు
కాటమయ్య రక్షణ కవచం 2024లో మొదలైంది. నీ బొమ్మకి ఉన్నది పాత మోకు, ముస్తాదు. రెండూ కలపకు. పాతకాలం మనిషిని పాతకాలంలోనే ఉంచు. కిట్ వేసుకున్న కుర్రాడి బొమ్మ ఇంకోటి చేస్తే మాత్రం నాకు పంపు, డబ్బులిస్తా.

వనపర్తి_వార్‌గేమర్
పక్కన తాటిచెట్టు కూడా పెట్టాలి కదా! చెట్టు లేకుండా గీత కార్మికుడు ఏంటి?

రెజిన్_రాకెట్
లెక్క వేసుకో. 15 మీటర్ల చెట్టు 1/24లో అరవై సెంటీమీటర్ల పైన. షోకేస్ తలుపు తీసి పెట్టుకోవాలి.

చిన్న_బ్రష్_పెద్ద_ఆశ
సీలింగ్‌కి రంధ్రం కొట్టు, పై ఇంటివాళ్లు కల్లు దించుకుంటారు.

గద్వాల్_అంచు
మాను అడుగుభాగం ఒక్కటి చాలు, బొమ్మ నడుము ఎత్తు వరకు. అడుగున వేర్లు గుబురుగా ఉబ్బి ఉంటాయి, ఆ ఆకారం వస్తే చూసేవాడికి అది తాడని తెలిసిపోతుంది. మట్టలు రాలిన గుర్తులు అడ్డంగా చుట్టలుగా గీయి. రంగు గోధుమ కాదు, నల్లటి బూడిద. నీ డ్రై బ్రష్ సరదా ఇక్కడ తీర్చుకో. కింద నేలకు మన ఎర్ర చల్కా మట్టినే సన్నగా జల్లించి, పెనం మీద వేడి చేసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికించు. రంగు కొనే పనే లేదు. ఫెవికాల్ తగిలాక మట్టి కొంచెం ముదురవుతుంది, ఆరాక పైన పొడి మట్టి ఇంకోసారి చల్లి ఊదేస్తే సరి.

తాటిచెట్టు_కింద
ధోతి, తువ్వాల మిగిలాయి. ధోతి పూర్తి తెలుపు వేస్తే బొమ్మలో అదొక్కటే కనిపిస్తోంది.

గద్వాల్_అంచు
తెల్లగుడ్డకు తెలుపు చివర్లో, మడత మొనల మీద మాత్రమే. మొదలు దంతం రంగు లేదా వెచ్చటి ఛాయ ఉన్న బూడిద రంగు. ఒంటికి తెలుపు వద్దన్నట్టే గుడ్డకు కూడా సీసా తెలుపు ముందే వాడేస్తే ఇక పైకి వెళ్లడానికి చోటుండదు. నీడలు ఒళ్లు తగిలే చోట కొంచెం గోధుమ, బయట మడతల్లో కొంచెం నీలం. కింది అంచుకి ఎర్రమట్టి మరక పల్చగా, స్పాంజి ముక్కతో అద్దు.

తువ్వాలకు గళ్లు వేస్తావా? నారాయణపేట గళ్లు చూసే ఉంటావు. కిటుకు ఏంటంటే ఒక బేస్ రంగు, దాని మీద నిలువు గీతలు మధ్యరకం రంగులో, అడ్డగీతలు అదే రంగులో, రెండూ కలిసినచోట చుక్క తేట రంగు. ఆ చుక్కతోనే గుడ్డ నేసినట్టు కనిపిస్తుంది. గీతలు మడతతో పాటు వంగాలి, మడత లోపలికి పోయినచోట గీత మాయమవ్వాలి. తిన్నగా స్కేలు పెట్టినట్టు గీస్తే కాగితం అతికించినట్టుంటుంది. నేను పట్టుచీర అంచులకు కూడా ఇదే చేస్తా, జరీ పోగులన్నీ గీయను. అంచుకి ముదురు పసుపు గోధుమ, దాని మీద కోటకొమ్మ మొనలు మాత్రం తేటగా చుక్కలు. మిగతాది చూసేవాళ్ల కళ్లు పూర్తి చేసుకుంటాయి.

మిర్యాలగూడ_మాట్
దీనికి బ్రష్ ముఖ్యం. సున్నా సున్నా సున్నా నంబర్ కొనుక్కుని ఏడుస్తారు అందరూ. ఆ బుల్లి బ్రష్‌లో రంగు నిలవదు, బొమ్మ దాకా చేరేలోపు ఎండుతుంది. మొన సరిగ్గా ఉన్న 1 లేదా 2 నంబర్ చాలు. కొలిన్‌స్కీ అయితే సంతోషం.

వనపర్తి_వార్‌గేమర్
కొలిన్‌స్కీ అంటే ముంగిస వెంట్రుకలేనా? ఒక చోట ముంగిస బ్రష్ అని చవగ్గా ఇస్తానన్నాడు.

మిర్యాలగూడ_మాట్
కాదు! కొలిన్‌స్కీ సైబీరియా వైపు ఉండే వీజిల్ తోక వెంట్రుకలు. ముంగిస బ్రష్ మన దేశంలో నేరం, 1972 వన్యప్రాణి చట్టం కింద. ఒక్క కిలో వెంట్రుకలకు ఎన్ని ముంగిసలను చంపాలో ఆలోచించు. అటు పోకు. జేబు అడ్డమొస్తే మంచి సింథటిక్ తీసుకో, మొన కొన్నాళ్లకు కొక్కెంలా వంగుతుంది, అప్పుడు దాన్ని మట్టి పనులకు దించు. ఏ బ్రష్ అయినా రంగు లోహపు గొట్టం దాకా పాకనివ్వకు, సబ్బుతో కడిగి మొన తిప్పి పడుకోబెట్టు.

చిన్న_బ్రష్_పెద్ద_ఆశ
మా దగ్గర ఏప్రిల్ దాటిందంటే రంగు పలక మీద పెట్టగానే ఎండిపోతుంది. మీరు గ్లేజ్, గ్లేజ్ అంటున్నారు, నాకు బ్రష్ ఎత్తే లోపే అయిపోతుంది.

రెజిన్_రాకెట్
తడి పలక చేసుకో. మూత ఉన్న టిఫిన్ డబ్బా, అడుగున తడిపిన స్పాంజి లేదా టిష్యూ, పైన బేకింగ్ కాగితం. బటర్ పేపర్ పేరుతో మైనం పూసిన కాగితం ఇస్తారు కొన్నిచోట్ల, అది నీళ్లు పైకి రానివ్వదు, పనికిరాదు. స్పాంజి మీద పెట్టి కాసేపాగి చూడు, కాగితం ఒంపులు పోయి అతుక్కుని పైన తేమ తెలిస్తే సరైనది.

వనపర్తి_వార్‌గేమర్
నేను గ్లిజరిన్ ఒక చుక్క వేస్తా.

పాలమూరు_గోడరాత
చుక్క అంటే నిజంగా చుక్కే. ఎక్కువైతే రంగు ఎన్నాళ్లైనా జిగురు వదలదు, మన దుమ్ములో బొమ్మకి గడ్డం మొలుస్తుంది. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ అని అక్రిలిక్‌లకే దొరుకుతుంది, అది మేలు. కూలర్ గాలి పలక మీదకి పెట్టుకుని కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు, పక్కకి తిప్పండి.

వార్నిష్ స్ప్రే చేసేవాళ్లకి ఇంకోటి. కూలర్ నడుస్తున్న గదిలో, వాన పడుతున్నప్పుడు కొట్టొద్దు, తేమ పట్టి తెల్లగా మంచు కట్టినట్టవుతుంది. అలాగని మే నెల మిట్టమధ్యాహ్నం 44, 45 డిగ్రీల ఎండలో డాబా మీద కూడా వద్దు, స్ప్రే గాల్లోనే ఎండిపోయి బొమ్మ మీద ఇసుకలా పడుతుంది. ఎండాకాలంలో పొద్దుగాలే కొట్టుకోండి. బ్రష్‌తో వేసే వార్నిష్ అయితే ఈ గోలే లేదు.

తాటిచెట్టు_కింద
అప్‌డేట్. వీపు, భుజాలకు గ్లేజ్‌లు వేశా. గద్వాల్ అక్క చెప్పినట్టు మొదటి పొరలకు ఏమీ కాలేదు, తరువాత చూస్తే బూడిద లోపలికి పోయింది, ఎర్రటి గోధుమ పైకి వచ్చింది. మోకాళ్లు, పాదాలు ముట్టుకోలేదు. లొట్టి మార్చాను. కత్తి అంచు తప్ప మిగతాది నల్లగా చేశాను. కిటికీ పక్కన తీసిన ఫోటోలు పెట్టాను.

మునుగోడు_మోకు
మా నాయనకు చూపించా. లొట్టి మంచిగుంది అన్నాడు. తువ్వాల కట్టు ఎడమకి కాకుండా వెనక్కి ఉంటే బాగుండు అన్నాడు, అది నువ్వేం చేయలేవులే.

మిర్యాలగూడ_మాట్
కళ్లు పెద్దగా తెరుచుకుని ఉన్నాయి. పైకి చెట్టు వైపు, ఎండలోకి చూసేవాడు కళ్లు చికిలిస్తాడు. ఈ స్కేల్లో తెలుపు అంత కనిపించకూడదు.

పాలమూరు_గోడరాత
అది నిజం. కంటి తెలుపు కూడా సీసా తెలుపు కాదు, గులాబీ కలిసిన బూడిద. పై రెప్పని ముదురు అంబర్‌తో ఒక గీత కిందికి దించు, కనుపాప పైభాగం రెప్ప కింద దాక్కోవాలి. కింది రెప్పని ఒంటి రంగుతో కొంచెం పైకి తీసుకురా. చెరిపేయక్కర్లేదు, రెండు గీతల పని. గీసేటప్పుడు ఊపిరి బిగపట్టకు, మణికట్టు బల్లకి ఆనించి, బొమ్మ పట్టుకున్న చేతికి బ్రష్ చేతి చిటికెనవేలు తగిలించు. రెండు చేతులు కలిసి వణికితే వణుకు తెలియదు.

తాటిచెట్టు_కింద
రాత్రికి కళ్లు చేస్తా. సాటిన్ వార్నిష్ ఒక్కటే మిగిలింది, నల్లగొండలో రెండు షాపుల్లో అడిగా, మాట్, గ్లాసీ (బాగా మెరిసేది) ఉన్నాయి కానీ సాటిన్ లేదంటున్నారు.

గద్వాల్_అంచు
ఒకే కంపెనీవి, నీళ్లతో కలిసేవి రెండూ తీసుకుని సగం సగం కలుపు, సాటిన్ అదే. మాట్ డబ్బా ముందు బాగా గిలకొట్టాలి, అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది, అది కలవకపోతే లెక్క తప్పుతుంది. ముందు పాత ప్లాస్టిక్ మూత మీద నలుపు పూసి, దాని మీద వేసి ఆరనిచ్చి చూసుకో. ముక్కు, కింది పెదవి, భుజం గుండు మీద మాత్రం ఆఖరికి గ్లాసీ ఒక్కటే, సూది మొనంత.